కొత్త మెరక మీద గేదెలు

మా వీధి చివర ఖాళీ స్థలంలో నిన్న లారీలు మట్టి పోసి వెళ్ళాయి. తెల్లవారేసరికి వాన పడి ఆ మట్టి తడిసింది. కిటికీలోంచి దాని వాసన వచ్చింది. చాలామందికి ఆ వాసన హాయిగా ఉంటుంది. నాకు కోపం వస్తుంది. ఆ కోపం నాకు నేర్పినవారు కామేశ్వరరావు మాస్టారు.

పంతొమ్మిది వందల యాభైల్లో ఏలూరులో ఇళ్ళ నిర్మాణం నేర్పే శిక్షణ తరగతి ఒకటి పెట్టారు. దానికి ఆయన పెద్ద. ఓవర్సీర్లం కాబోయే మమ్మల్నీ, తాపీ మేస్త్రీలనూ, వడ్రంగులనూ ఒకే బల్ల మీద కూర్చోబెట్టేవారు. "గీసేవాడికి కట్టడం రాదు, కట్టేవాడికి గీత తెలియదు. ఇద్దరి మధ్యా ఇల్లు పడిపోతుంది" అనేవారు. మొదటి పాఠానికి నల్లబల్ల దగ్గరికి పిలవలేదు. దోనె ఎక్కించి కొల్లేటి లంకకు తీసుకువెళ్ళారు. అక్కడ వరదకు అందకుండా కొత్తగా పోసిన మట్టి మెరక మీద గేదెలు కట్టేసి ఉన్నాయి.

"ఇవేం చేస్తున్నాయో చెప్పండి" అన్నారు.

"నెమరు వేస్తున్నాయండి" అన్నాను.

"పునాది వేస్తున్నాయయ్యా."

మేం నవ్వాం. ఆ గేదెలు వెంకమ్మవి. వల ఆరబెడుతున్న ఆమె తలెత్తి, "నవ్వకండి బాబూ. ఏడాది ఈటితో తొక్కించి, ఒక వానాకాలం నాననిస్తే గానీ ఈ మట్టి కుదురుకోదండి. మా అత్తగారు తొందరపడి కట్టించిన గోడ ఆవిడకంటే ముందే వంగిపోయింది" అంది. పాక అరుగు మీది ముసలావిడ, "నా నడుం నిటారుగానే ఉందిలేవే" అని కసిరింది. మాస్టారు ఆ మట్టి పిడికెడు తీసుకుని, కొల్లేటి బంకమన్ను నీళ్ళు తాగితే ఎలా ఉబ్బుతుందో, ఎండితే ఎలా నెర్రెలు బారుతుందో చీకటి పడేవరకూ చెప్పారు. చదివినది చేతికి అందడం నాకు అదే మొదటిసారి.

మరుసటి ఏడు గాలివానకు ఆ లంకలో పాకలన్నీ ఎగిరిపోయాయి. అందరికీ ఒకే వరసలో ఇటుక ఇళ్ళు మంజూరయ్యాయి. వేసవిలో మెరక పోసి, వానలు రాకముందే మంత్రిగారి చేత ప్రారంభోత్సవం చేయించాలని పై అధికారి పట్టు. కట్టే పని మా తరగతికే ఇచ్చారు. ఒక వానాకాలం ఆగమనీ, అందాకా పాత మెరకల మీద తాటాకు పాకలు తామే వేయిస్తామనీ మాస్టారు బతిమాలారు.

"పాఠాలు చెప్పుకోండి మాస్టారూ, తేదీలు మాకు వదిలేయండి. పోనీ, గేదెలకు ఇంజనీరు ఉద్యోగాలు ఇప్పించమంటారా?" అన్నాడు అధికారి. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

"ఇప్పించండి. మంత్రిగారు వస్తున్నారని అవి తొక్కడం మానవు" అన్నారు మాస్టారు. ప్లాను మీద సంతకం పెట్టలేదు.

ఆయన్ని తాడేపల్లిగూడెంలో సామాన్ల గిడ్డంగికి బదిలీ చేశారు. శిక్షణ దండగన్నారు. తరగతి మూసి మమ్మల్ని ఇళ్ళకు పంపేశారు. మేస్త్రీలు మళ్ళీ కూలికి పోయారు. కంట్రాక్టరు ఇళ్ళు లేపాడు, మావిడాకులు కట్టారు, దండలు వేసుకున్నారు. భాద్రపదంలో మెరక ఒక పక్కకు కుంగింది. ఒక తెల్లవారుజామున వెంకమ్మ ఇంటి గోడ విడిపోయి ముసలావిడ మీద పడింది. ఆవిడ బతకలేదు. విచారణకు వచ్చినవారు దోనె దిగకుండానే చూసి, అధిక వర్షమే కారణమని తేల్చారు. మనిషిని చంపి ఆ నేరం వాన మీద పెట్టడానికి ఎంత చదువు కావాలి?

గూడెం వెళ్ళి మాస్టారికి చెప్పాను.

"వాన తప్పేముందయ్యా, అది పరీక్ష పెట్టింది" అన్నారు. "మనవాళ్ళు పాఠం మూసేసి పరీక్షకు కూర్చున్నారు. నీకు రాయడం వచ్చుగా, అది రాయి."

రాశాను. అలా పత్రికలోకి వచ్చాను, అక్కడే తల నెరిసింది. ఎన్నో తుపానులు చూశాను, ఎన్నో కూలిన ఇళ్ళ ముందు నిలబడ్డాను. "వానకు ఇల్లు కూలింది" అన్న వాక్యం మాత్రం నా చేత్తో రాయలేదు, నా బల్ల దాటి పోనివ్వలేదు. ఎవరు కట్టారు, వాళ్ళకు ఎవరు నేర్పారు, ఎవరు నేర్పనివ్వలేదు అని అడిగి రమ్మని కుర్ర విలేఖరులను తిప్పి పంపేవాణ్ణి.

ఇందాక వీధి చివరికి వెళ్ళి, ఈ మట్టి ఒక్క వానాకాలమైనా చూసిందా అని అక్కడి మనిషిని అడిగాను. "ఇప్పుడు అవన్నీ ఎక్కడండీ, రోలరు తెచ్చి తొక్కించేస్తామండి" అన్నాడు మర్యాదగా. రోలరు ఇంకా రాలేదు. ఇటుకలు మాత్రం దిగుతున్నాయి.