నానమ్మ బాప్తిస్మం వాయిదా

మా నానమ్మను ఎవరైనా తాగుబోతు అంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆమె నల్లగొండ వైపు పల్లెలో తాటిచెట్లెక్కి కల్లు గీసే ఇంట్లో పుట్టింది. అక్కడ కల్లును ఎవరూ తాగుడు కింద లెక్కేయరు, ఒంటికి చలువ అంటారు. నాన్నకు హైదరాబాద్ నాచారంలో ఫ్యాక్టరీ పని దొరికాక మాతో వచ్చేసింది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మా బస్తీ చివర కల్లు కాంపౌండ్ ఉండేది. సాయంత్రమైతే తోటి ఆడవాళ్లతో వెళ్లి సీసా తాగి, మాట కాస్త తడబడుతూ వచ్చి పడుకునేది. ఇంట్లో ఎవరికీ అది తప్పనిపించలేదు.

మేం చర్చికి వెళ్లడం మొదలుపెట్టాక తనూ బాప్తిస్మం తీసుకుంటానంది. ఒక ఆదివారం అందరి ముందూ లేచి నిలబడింది.

"కల్లు తాగిన నోటితోని నీళ్లల్ల దిగ. ఇయ్యాల్టి సంది ఇడిసిపెట్టిన, అంతే."

సంఘమంతా చప్పట్లు కొట్టింది. అమ్మ కళ్లు తుడుచుకుంది. అన్నట్టే నానమ్మ మళ్లీ చుక్క ముట్టలేదు.

మొదట బాగానే ఉంది. తర్వాత చేతులు వణకసాగాయి. చాయ్ గ్లాసు నిలిచేది కాదు. ఒంటి నిండా చెమటలు, కంటికి కునుకు లేదు. ఏమీ లేని గోడ మీద చీమలున్నాయని చీపురుతో ఊడ్చేది. మా వాళ్లకు తట్టింది ఒకటే, బాప్తిస్మం ఆపడానికి సైతాను పట్టిందని. చుట్టూ కూర్చుని ఉపవాస ప్రార్థన పెట్టారు. ఆమెకూ ముద్ద పెట్టలేదు. అంతా ప్రేమతోనే చేశారు, నాకు కోపం రావాల్సిన చోట బాధ వచ్చేది అందుకే.

ప్రార్థన మధ్యలో నానమ్మకు ఫిట్స్ వచ్చాయి. అందరికంటే ముందు లేచి ఆటో పిలిచింది పాస్టరయ్యే.

దవాఖానాలో డాక్టరమ్మ మొదటి ప్రశ్నే, "కల్లు ఎప్పుడు బంద్ చేసింది?" అని. కాంపౌండ్ సీసాల్లో చెట్టు నుంచి దిగింది తక్కువట. నీళ్లు, చక్కెర, మత్తుకు నిద్రమాత్రల పొడి. ఏళ్లుగా అలవాటైన ఒంటికి అది ఒక్కసారిగా ఆగితే ప్రాణం మీదికి వస్తుందట. అలాంటి మాత్రే ఇచ్చి, కొద్దికొద్దిగా తగ్గిస్తూ మాన్పించాలంది.

తేరుకున్నాక సంగతి విని నానమ్మ మొండికేసింది.

"కల్లుల కలిపిందే గీ గోలీల ఉన్నదంటున్రు గదా! దేవునికి మాటిచ్చిన. సచ్చినా మింగ."

నాన్న బతిమాలినా వినలేదు. మళ్లీ ఫిట్స్ వస్తే మనిషి దక్కదని డాక్టరమ్మ చెప్పేసింది.

చివరికి పాస్టరయ్య మంచం పక్కన కూర్చుని మాత్ర ఆమె చేతిలో పెట్టారు.

"తాగనని గదమ్మా మీరు మాటిచ్చింది. ఇది వైద్యం. బాప్తిస్మం యాడికీ పోదు. మీరు బతికుంటేనే గదా నీళ్లల్ల దిగేది."

ఆయన్నే చూస్తూ మింగింది.

మాత్రలు తగ్గి తగ్గి ఆగిపోయేసరికి ఎండలు ముదిరాయి. అప్పుడే బాప్తిస్మం అయింది. తెల్లచీరతో తడిసి వచ్చి కూర్చుంది. చాయ్ గ్లాసు చేతిలో కదలకుండా నిలిచింది. నా సంతోషం కొద్దీ, మళ్లీ కల్లు మీదికి మనసు పోతుందా నానమ్మా అని ఆటపట్టించాను.

ఆమె నవ్వలేదు.

"కల్లు గీసినోని బిడ్డను. ఇన్నేండ్లు తాగింది కల్లు గాదని నా నాలికెకే తెల్వలే," అంది.

దవాఖానాలో కూడా ఏడవని మనిషి, అప్పుడు ఏడ్చింది.