సరంగుగారి మూగ రేడియో

ఆ లాంచీలో ముప్పైమందికి చోటుంది. ముప్పై ఒకటో ప్రయాణికుడికి టికెట్టూ లేదు, దిగే రేవూ లేదు. చుక్కాని ముందున్న చెక్కబల్ల మీద, దిక్సూచికి జానెడు దూరంలో, సైకిలు ట్యూబు ముక్కతో కట్టించుకుని కూర్చున్న రేడియో అది.

ఏరు సముద్రంలో కలిసేచోట ఈ ఒడ్డు నుంచి ఎదుటి లంకకు ఇరవై రెండేళ్లుగా లాంచీ నడుపుతున్న సరంగుకు వేరే గడియారం లేదు. వార్తలు మొదలైతే లంగరు తీస్తాడు. పాటలొస్తుంటే నడియేట్లో ఉన్నట్టు, పంటల కబుర్లు వినిపిస్తే లంక దగ్గరపడ్డట్టు. వాతావరణం చదివే ఆయనతో మాత్రం రోజూ తగువే.

"ఆకాశం నిర్మలమా? ఓసారి బయటికొచ్చి చూడవయ్యా మహానుభావా! నా చొక్కా పిండితే బిందెడు నీళ్లొస్తాయి!"

"ఆయనకి వినపడదు బావా," అనేవాడు కింద ఇంజను చూసుకునే బామ్మర్ది.

"వినపడకపోయినా అనాలిరా. మీ అక్కకి నా మాట ఏనాడన్నా వినపడిందా? అయినా అనడం మానానా?"

ఆ అక్కగారు, అంటే సరంగు భార్య, రేడియోను 'సవతి' అనే పిలిచేది. కాపురం మొత్తం మీద తన మొహాన చెమట ఒక్కసారైనా తుడవని మనిషి, దానికి మాత్రం రోజూ పొద్దున్నే మెత్తటి గుడ్డతో మొహం తుడుస్తాడని ఆవిడ ఫిర్యాదు.

దిక్సూచిని నమ్ముకున్నవాళ్లు ఏ రేవులోనైనా ఒకలాంటివాళ్లే. కొందరు దానికి దండం పెడతారు, కొందరు తిడతారు, మూత తీసి లోపల ఏముందో చూసినవాడు మాత్రం అరుదు. మన సరంగు ఇరవై ఏళ్ల కిందట రేడియో కొన్న వారానికి, ఎండ కాస్తున్న ఒకరోజున, లాంచీ ముక్కును లంక రేవుకు గురిపెట్టి, ముల్లు నిలిచినచోట మేకుతో గీత గీశాడు. శీతాకాలం పొద్దుల్లో మంచు కమ్మి చెయ్యి చాస్తే చెయ్యి కనపడనప్పుడు ముల్లును ఆ గీత మీద నిలబెట్టి పోనిస్తాడు. ఒక్కనాడూ గురి తప్పలేదు.

అలాంటిది, లైసెన్సు గడువు తీరే వారంలో రేడియో మూగబోయింది. అంతకుముందే ఎవరో లాంచీ పాతబడిందనీ, సరంగుకు చూపు మందగించిందనీ ఆఫీసుకు రాసి పడేశారు. కొత్త ఇన్‌స్పెక్టరు స్వయంగా ఎక్కి చూస్తానన్నాడు. గురి తప్పితే లాంచీ ఒడ్డెక్కినట్టే, సరంగు ఇల్లెక్కినట్టే.

భార్య రేడియోను బాగుచేయించడానికి పట్టుకెళ్లింది. మెకానిక్కు విప్పి చూసి, "స్పీకరు వెనక అయస్కాంతం ఉక్కులాగుందమ్మా, మిగతాదంతా కుళ్లిపోయింది," అని తిరిగిచ్చేశాడు. పరీక్ష పూట ఈ కబురు చెబితే మొగుడు చతికిలబడతాడని, ఆవిడ దాన్ని సంచిలో పెట్టుకుని లాంచీ వెనక బల్ల మీద కూర్చుంది.

రేడియో లేని నాలుగు రోజులూ ఎండ కాసింది కాబట్టి సరంగు కళ్లతోనే నడిపాడు. అయిదో పొద్దున మంచు దిగింది. ఇన్‌స్పెక్టరు గొడుగు చంకలో పెట్టుకుని పక్కనే నిలబడ్డాడు. ముల్లు గీత మీద, సరంగు చెయ్యి చుక్కాని మీద. పదినిమిషాలయ్యేసరికి లాంచీ ముక్కు టపటపమని దేన్నో కొట్టుకుంది. వలలు కట్టే గుంజలు!

మంచులోంచి ఆ వలలు కట్టిన జాలరి గొంతు లేచింది. "ఎవర్రా అది? ఓహో సరంగుగారా! చుట్టరికం కలుపుకోవాలనుంటే గుమ్మంలోంచి రావాలయ్యా, వలలోంచి కాదు!"

ఇన్‌స్పెక్టరు కాగితం తీశాడు. "దిక్సూచి పాడైనట్టుందే. లేకపోతే నువ్వు..."

"అది పాడవలేదు సార్, నేనూ పాడవలేదు," అన్నాడు సరంగు.

భార్య ఇక ఆగలేకపోయింది. ముందుకొచ్చి సంచిలోంచి రేడియో తీసి దాని చోట్లో ఠంగుమని పెట్టింది. "నాలుగు రోజులనించీ ఇది లేక దిష్టిబొమ్మలా తయారయ్యారు. ఇదిగో మీ ప్రాణం! పలకదట, ఎదురుగా పెట్టుకుని ఏడవండి!"

ముల్లు రెండు వేళ్ల మేర పక్కకు తిరిగింది.

సరంగు నోరు తెరిచాడు. రేడియో ఎత్తాడు, ముల్లు వెనక్కి వెళ్లింది. దించాడు, ముందుకొచ్చింది. "ఏమే, ఇంకోసారి పెట్టు!" ఆవిడ పెట్టింది. మళ్లీ అదే.

"అయస్కాంతం ఉక్కులాగుందన్నాడు లెండి," అందావిడ, తప్పు తనదేమోనని గొంతు తగ్గించి.

ఇన్‌స్పెక్టరు తల పట్టుకున్నాడు. "ఇది దిక్సూచి చేత అబద్ధం ఆడిస్తోందయ్యా!"

"ఇరవై ఏళ్లనించి ఒకటే అబద్ధం సార్. మాట మార్చలేదు. గీత గీసిననాడు కూడా ఇది ఇక్కడే ఉంది."

గుంజల వరస పట్టుకుని లాంచీ వెనక్కి, బయల్దేరిన రేవుకే వచ్చింది. రేడియోను ట్యూబు ముక్కతో బిగించి మళ్లీ బయల్దేరారు. పాటల్లేవు, పంటల్లేవు. ఇంజను చప్పుడొకటే. ముప్పైమందీ ఆ మూగ డబ్బా వైపే చూస్తున్నారు. ఎంతసేపైందో సరంగుకు తెలియదు, అడగడానికి గడియారం చచ్చిపోయింది. ఉన్నట్టుండి మంచు చీలి, లంక రేవు మెట్లు సరిగ్గా ముక్కు ముందుకొచ్చి నిలిచాయి.

ఎండొచ్చాక రేడియో దూరంగా పెట్టి కొత్త గీత గీయమన్నాడు ఇన్‌స్పెక్టరు. జవాబు భార్య చెప్పింది. "నా సవతిని ఇంకో చోటికి పంపితే ఈయన కూడా దాంతోపాటే పోతారు. ఉండనివ్వండి బాబూ."

ఇన్‌స్పెక్టరు చాలాసేపు కలం నమిలాడు. చివరికి లైసెన్సు మీద సంతకం పెట్టి, లాంచీ సామాన్ల జాబితా కింద ఒక వరస కలిపాడు: తేలే రబ్బరు చక్రాలు పది, తాళ్లు రెండు, గంట ఒకటి, రేడియో ఒకటి. పలకదు. కదపరాదు.

తిరుగు ప్రయాణంలో చినుకులు మొదలయ్యాయి. సరంగు అలవాటుగా రేడియో వైపు వంగి, "నిర్మలమన్నావుగా!" అని గదమాయించాడు.

"అది పలకడం మానేసింది బావా," అన్నాడు కింద నుంచి బామ్మర్ది.

"మీ అక్క చెంగు తీసి దాన్ని తుడుస్తోందిరా. ముందు ఆ సంగతి చూడు!"