నేను రాసిన 'లేవు', అక్క వెన్నుపూస

మీ వెన్నెముకను ఎవరి చేతుల్లో పెట్టారో, పెట్టేముందు ఆ మనిషిని ఒక్క ప్రశ్నైనా అడిగారా?

నేను అడగలేదు. విబూది రాల్చే స్వాములను సభలో నిలబెట్టి రుజువు చూపించమన్నదాన్ని. తాయెత్తులు కట్టుకున్న తోటి లెక్చరర్లతో స్టాఫ్ రూములో గంటలకొద్దీ వాదించినదాన్ని. అలాంటి నేను మా అక్కను ఏలూరులో ఒక పిలాటిస్ క్లాసులో చేర్చడానికి పది నిమిషాలు కూడా ఆలోచించలేదు.

అక్కకు అరవై రెండేళ్ళు. కైకలూరులో చేపల మేత, రొయ్యల మేత, వాటి మందులు అమ్మే కొట్టు నడుపుతుంది. బావగారు చెరువుల మీద తిరిగితే కొట్లో కూర్చునేది అక్కే. నడుంనొప్పి వచ్చి స్టూలు మీద గంటసేపు కూడా కూర్చోలేని పరిస్థితి వచ్చింది. డాక్టరు పరీక్షలు చేయించి, ఎముకలు గుల్లబారుతున్నాయని మందులు రాశారు. కండరాలు గట్టిపడాలి, పిలాటిస్ లాంటిది మంచిదే, కానీ బాగా తెలిసినవాళ్ళ దగ్గరే చేయండి అన్నారు. కొట్టు వదిలి ఇంట్లో కూర్చోవడం అక్క వల్ల అయ్యే పని కాదు. "నన్ను మళ్ళీ ఆ స్టూలు ఎక్కించవే, చాలు" అంది.

డాక్టరు చెప్పినదాంట్లో పిలాటిస్ ఒక్కటే నా చెవికెక్కింది. 'బాగా తెలిసినవాళ్ళు' అన్న మాట ఆసుపత్రి గుమ్మంలోనే వదిలేశాను.

అక్కను ఏలూరులో నా దగ్గరే ఉంచుకున్నాను. మా ఇంటికి దగ్గర్లోనే ఉంది క్లాసు. గోడంతా అద్దాలు, ఏసీ, వరసగా పరిచిన ఊదారంగు మ్యాట్లు. నేర్పే అమ్మాయి నిటారుగా, చురుగ్గా ఉంది. పొట్ట, నడుము కండరాలకు బలమొచ్చేలా, ఊపిరి గమనిస్తూ చేసే వ్యాయామమండీ ఇది అని చక్కగా చెప్పింది.

"గురువారం మొదలుపెడదామే, మంచిది" అంది అక్క.

"వారం చూసుకుంటే నడుం బాగవుతుందా అక్కా?" అని నవ్వాను. అద్దాలు చూసి బాగవుతుందని నేను నమ్మేసిన సంగతి నాకప్పుడు తట్టలేదు.

చేరేముందు ఒక కాగితం ఇచ్చారు. ఆరోగ్య సమస్యలు ఏమైనా ఉన్నాయా అని అందులో ఒక గడి. మా వెనక ఇద్దరు ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. అక్క నా మోచేయి గిల్లింది.

"నలుగురిలో ఆ గోలంతా ఎందుకే? మనూరి వాళ్ళెవరి చెవినైనా పడితే రేపటికల్లా నేను మంచాన పడ్డానని చెప్పుకుంటారు."

రిపోర్టు నా సంచిలోనే ఉంది. పెన్ను నా చేతిలో ఉంది. 'లేవు' అని రాశాను.

క్లాసులో పాతికమంది. కాలేజీ పిల్లల దగ్గర్నుంచి అక్క దాకా అందరికీ ఒకటే వ్యాయామం. వెల్లకిలా పడుకుని, చాప చుట్టినట్టు వెన్ను చుట్టుకుంటూ లేచి, కాలివేళ్ళు అందుకోవాలి. ఆ అమ్మాయి మధ్యమధ్య తిరుగుతూ "ఎలా ఉందండీ?" అని అడిగేది. "బాగుందండీ" అనేది అక్క. మా వైపు మర్యాద అది. పెళ్ళి భోజనంలో పులుసు ఉప్పుకషాయమైనా బాగుందండీ అనే చేయి కడుక్కుంటాం. అక్క చెంపలు తడవడం నేను పక్క మ్యాట్ మీద నుంచి చూశాను. చెమట అనుకున్నాను.

మూడో రోజు అలా లేస్తూ లేస్తూ అక్క సగంలో ఆగిపోయింది. కేకైనా వేయలేదు. "ఏవండీ, కాస్త పట్టుకుంటారా" అంది ఆ అమ్మాయితో, బస్సులో సంచి అందుకోమన్నంత మామూలుగా.

ఎక్స్‌రేలో ఒక వెన్నుపూస నొక్కుకుపోయి, చిట్లి కనిపించింది.

"ముందుకి వంగి చుట్టుకునే వ్యాయామం ఈ ఎముకలకు పనికిరాదండీ. ఎవరు చేయించారు?" అన్నారు డాక్టరు.

మర్నాడే దెబ్బలాడ్డానికి క్లాసుకు వెళ్ళాను. "ఎక్కడ నేర్చుకున్నావమ్మా ఇది?" అని నిలదీశాను.

"ఆన్‌లైన్‌లోనండీ. వారం రోజుల కోర్సు."

"వారమా! ముందే చెప్పలేదేం?"

"ఇంతవరకు ఎవరూ అడగలేదండీ."

తర్వాత సొరుగు లాగి ఆ కాగితం తీసి నా ముందు పెట్టింది. "ఇది మీరు రాసిందే కదండీ?"

నా చేతిరాతే. ఆ అమ్మాయి తప్పు చిన్నది కాదు. అయినా నేను ఆ మాట గట్టిగా అనలేకపోయాను. ఊరందరినీ రుజువు అడిగినదాన్ని, చేతిలో ఉన్న రుజువును సంచిలో దాచేశాను.

నాలుగు నెలలు అక్క నడుముకు బెల్టు పెట్టుకుని మంచం మీదే ఉంది. ఊళ్ళో ఎవరో అనుకుంటారని భయపడిందే నిజమైంది. ఆ తర్వాత డాక్టరు ఒప్పుకుని, తాడేపల్లిగూడెంలో పిలాటిస్ చేయించే ఒక ఫిజియోథెరపిస్టు దగ్గరకు పంపారు. పాసింజరు రైల్లో వెళ్ళాం. చిన్న గది, ఫ్యాను, ఒకసారికి నలుగురే. ఆవిడ రిపోర్టులన్నీ చదివేదాకా అక్కను మ్యాట్ మీద కూర్చోనివ్వలేదు. ఈసారి నేనూ అడిగాను. ఏం చదివారు, ఇలాంటి ఎముకలున్నవాళ్ళకు ఇదివరకు చేయించారా, వాళ్ళకు ఏవి చేయించరు? ఆవిడ నొచ్చుకుంటుందేమో అనిపించినా ఆపలేదు. ఆవిడ కుర్చీ దగ్గరకు లాక్కుని అన్నీ చెప్పింది.

గోడకు వీపు ఆనించి చేతులు పైకెత్తించి "ఎలా ఉందండీ?" అంది.

"బానే ఉందండీ" అంది అక్క.

"ఆ మాట ఇక్కడ వద్దండీ. ఎక్కడ లాగుతోందో, ఎంత లాగుతోందో చెప్పండి."

అక్క నడుం తడిమి చూపించింది. "కుడిపక్కన, కింద. బాగా నొప్పిగా ఉందండీ" అంది. ఆవిడ వెంటనే ఆపించి, చేతులు సగం దాకానే ఎత్తమంది.

తిరుగు రైల్లో అక్క కిటికీ వైపు చూస్తూ అంది: "రొయ్యలు జబ్బుచేసి నీళ్ళ మీదికి తేలుతున్నాయి, మందివ్వండని రైతు వస్తే, ముందు చెరువు నీళ్ళు సీసాలో పట్టుకు రమ్మంటాను. చూడకుండా గుప్పెడు మందైనా ఇవ్వనే. నన్ను మాత్రం ఏమీ చూపించకుండా అప్పజెప్పేసుకున్నాను. రొయ్యపాటి చేయలేదుటే నా నడుం?"

ఇప్పుడు అక్క కొట్లో పూటకు గంటన్నర కూర్చుంటోంది. మేత బస్తా ఎత్తడం మాత్రం ఇక ఈ జన్మకు లేదన్నారు.

మీరూ క్లాసు వెతుక్కుంటున్నారా? అద్దాలు చూడకండి. రిపోర్టు సంచిలోంచి తీసి నేర్పేవాళ్ళ ముందు పెట్టండి. ఎక్కడ నేర్చుకున్నారు, నా ఒంటికి ఏది చేయించరు అని మొహం మీదే అడగండి. జవాబు రాకపోతే చెప్పులు వేసుకుని బయటికి రండి. నొప్పి పుడితే, నలుగురూ వింటున్నా సరే, నొప్పి అని గట్టిగా చెప్పండి.