నా క్లైమాక్స్‌ని ఎవరు లీక్ చేశారు?

నాలుగు రోజులుగా మా వీధిలో తల వంచుకుని నడుస్తున్నాను. సిగ్గుతో! ఏం జరిగిందో చెప్తాను, ముందు ఆ టీ ఇటివ్వండి.

నా సంగతి మీకు తెలిసిందే. పగలు ఓడ టికెట్ల కౌంటర్లో గుమాస్తాని, పొద్దున్నపూట నవలా రచయితని. నా నవలల్లో సముద్రం అడుగున పట్నాలుంటాయి, ఓడలు మాట్లాడతాయి, మనుషులకి మొప్పలుంటాయి. ఇప్పుడు నడుస్తున్నది మూడోది. కెప్టెన్ నీలవేణి, ఆవిడ ఓడలో కళాసీల పెద్ద, సరంగు గంగులు. పుస్తకమంతా ఇద్దరూ కలిసి తుఫాన్లు దాటతారు. చివర్లో తెలుస్తుంది, గంగులు అసలు మనిషే కాదు, నీళ్లడుగు జాతివాడు! విజయవాడ పబ్లిషర్ గారు ఫోన్లో ఒకటే మాట అన్నారు: "ఈ ముగింపు కోసమే వేస్తున్నానయ్యా. ముందే బయటికి పొక్కిందంటే మాత్రం పుస్తకం ఆపేస్తా." ఎవరికీ చెప్పనని ఒట్టేశాను. మా ఆవిడ సుజాతకి కూడా చెప్పలేదు.

పోయిన ఆదివారం నర్సమ్మ పిన్ని వచ్చింది. మా డాలీగంజ్ వీధుల్లో గంపతో చేపలమ్ముతుంది. మా గేటు ముందు కూర్చుని కవళ్ల చేపలు బాగుచేస్తూ, తలెత్తకుండా అంది కదా...

"బాబూ, ఆ గంగులు మనిసి కాడంట గదా? పాపం, నీలవేణికి తెలిస్తే ఏటైపోద్దో!"



"నీకెవరు చెప్పారు పిన్నీ?" అని అరిచాను.

నా మొహం చూసి ఆవిడ బెదిరిపోయింది. "నాకేటి తెలుసు బాబూ? అందరూ అనుకుంతన్నారు" అని గబగబా గంప ఎత్తుకుని వెళ్లిపోయింది.

అందరూనట! తిన్నగా వంటింట్లోకి వెళ్లాను. "నా ఫోన్ ఏమైనా చూశావా?" అన్నాను. సుజాత ఉల్లిపాయలు తరుగుతూనే, "నీ ఫోన్లో చూడ్డానికి ఏముంది, చేపమనుషులు తప్ప!" అంది. చేపమనుషులని ఈవిడకెలా తెలుసు? పాస్‌వర్డ్ మార్చేశాను.

కానీ అసలు అనుమానం మాస్టారి మీద. నేను ఈ దీవిలోనే పుట్టాను, చదువంతా హిందీ మీడియం. తెలుగు మాట్లాడమంటే గంటలు మాట్లాడతాను, రాయమంటే మాత్రం చెయ్యి కదలదు. అందుకే కథ ఫోన్‌కి చెప్తాను, అది టైపు చేస్తుంది. ఆ ప్రింట్లు మిడిల్ పాయింట్ పేటలో ఉండే రిటైరైన తెలుగు మాస్టారికిస్తే ఆయన తప్పులు దిద్దుతారు. అంటే, నేనూ పబ్లిషర్ గారూ కాక క్లైమాక్స్ తెలిసిన మానవుడు ఆయనొక్కడే!

స్కూటర్ వేసుకుని వెళ్లాను. నన్ను చూడగానే మాస్టారు ఏదో నోట్‌బుక్ చటుక్కున మూసేశారు. దొరికిపోయాడు దొంగ, అనుకున్నాను.

"మాస్టారూ, గంగులు సంగతి మీరు ఎవరితోనైనా..."

"ఏమిటీ?"

"అదే, నోరు జారి..."

ఆయన లేచి నిలబడ్డారు. ఆ నోట్‌బుక్ తెరిచి నా ముందు పడేశారు. నిండా నా తప్పులే, పేజీ నంబర్లతో సహా. "ఇవి చూస్తే నీ మనసు కష్టపడుతుందని మూశానయ్యా. నీ పుస్తకంలో నా చెయ్యి ఉందని చెప్పుకోవడానికే నాకు నామోషీ, ఊరంతా చాటుతానా? తీసుకెళ్లు నీ కాగితాలు!" అని తలుపేసుకున్నారు.

అయినా నా అనుమానం తీరితేగా! వల పన్నుదామనుకున్నాను. మా ఇంట్లో సిగ్నల్ ఉండదు, డాబా మీద నీళ్ల ట్యాంకు పక్కన నిలబడితేనే వస్తుంది. ఐదింటికే తెల్లారిపోయే ఊరు మాది, ఎప్పట్లాగే టిఫిన్‌కి ముందే డాబా ఎక్కాను. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, కళ్లు మూసుకుని (కళ్లు తెరిస్తే నాకు కథ రాదు), గాలి హోరుకి తగ్గట్టు గొంతు పెంచి, ఒక దొంగ అధ్యాయం చెప్పాను. నీలవేణి చచ్చిపోతుంది. చెప్తుంటే నాకే ఏడుపొచ్చింది. అది మాస్టారికి ఇవ్వలేదు, ఎవరికీ పంపలేదు. ఉన్నది ఫోన్లో మాత్రమే; ఇది కూడా పొక్కిందంటే లీకు ఫోన్లోనే ఉన్నట్టు.

గంటన్నర తర్వాత నర్సమ్మ పిన్ని మా గేటు దాటి ఆగకుండా పోతోంది.

"పిన్నీ, చేపలు?"

"నీకమ్మను! బంగారంలాటి పిల్లని పొట్టన పెట్టుకున్నావు."

వెనకాలే ఎదురింటి ఆటో రాజు. "భయ్యా, యే ఠీక్ నహీ హై. కెప్టెన్‌ని సంపేస్తే ఓడెవరు నడుపుతారు?"

ఇంక సందేహం లేదు. ఫోన్ హ్యాక్ అయింది! సైన్స్ ఫిక్షన్ రాసేవాడిని, నాకు ఇంకేం తోస్తుంది? ఫోన్‌ని రొట్టెలు చుట్టే వెండి కాగితంలో చుట్టి బియ్యం డబ్బాలో పాతేశాను. సాయంత్రం సుజాత బియ్యంలో చెయ్యి పెట్టి, ఆ పొట్లం బయటికి తీసి, విప్పి చూసి, నా ముందు పెట్టింది.

"ఏంటిది?"

"హ్యాకర్లు. నీకు అర్థం కాదు."

"రేపు పొద్దున్న నాకూ, నీకూ కూడా అర్థమయ్యేలా చేస్తాను" అంది.

మర్నాడు నేను కళ్లు మూసుకుని "అధ్యాయం ముప్ఫై" అన్నానో లేదో, వెనక నుంచి వచ్చి ఇయర్‌ఫోన్లు లాగేసింది. "కళ్లు తెరువు. కిందకి చూడు."

పిట్టగోడ మీంచి వంగి చూశాను. నర్సమ్మ పిన్ని మా గోడకి చేరగిలబడి కూర్చుంది, పక్కన గంప. రాజు ఆటోలో కాళ్లు బారజాపుకుని టీ తాగుతున్నాడు. కుళాయి దగ్గర బిందెలు నిండి పొర్లుతున్నా పట్టించుకోకుండా ఆడవాళ్లందరూ పైకే చూస్తున్నారు.

"ఏటి బాబూ, ఆపేశావు?" అంది పిన్ని. "బతికిందా నేదా?"

సుజాత వైపు తిరిగాను. "ముందే చెప్పొచ్చు కదా!"

"హరికథ చెప్పినట్టు రోజూ అరుస్తుంటే, తెలిసే చెప్తున్నావనుకున్నా!"

ఆ సాయంత్రం మాస్టారింటికి వెళ్లి, గుమ్మంలోనే చేతులు జోడించి, జరిగిందంతా చెప్పాను. ఆయన నవ్వీ నవ్వీ దగ్గొచ్చి కూర్చుండిపోయారు. కాగితాలు దిద్దడానికి మళ్లీ తీసుకున్నారు. కానీ పబ్లిషర్ గారి సంగతి? ఒట్టు నేనే తప్పాను, అదీ రోజూ, గొంతు చించుకుని! ఫోన్ చేసి మొత్తం ఒప్పుకున్నాను. పుస్తకం పోయిందనే అనుకున్నాను.

"నీలవేణి పోయిందని ఆవిడ నిజంగానే చేపలమ్మలేదా?" అని అడిగారాయన.

"అమ్మలేదండీ."

"నీ మొదటి నవల్లో సగం భూగోళాన్ని ముంచేశావు, ఒక్కడంటే ఒక్కడు కిక్కురుమనలేదు. ఈసారి ఒక్కామె పోతే మీ ఇంట్లో కూర ఆగింది. వేస్తానులేవయ్యా!"

ఆయన పొగిడారా, తిట్టారా? నాకు ఇంకా అనుమానంగానే ఉంది.