చిన్న తప్పులు దిద్దని బావ

మా బావకి ఒకటే జబ్బు. చిన్న తప్పు కంటపడితే దిద్దడు. పక్కన ఒక పసుపు చీటీ అంటించి, దాని మీద "ఇది సులువు. ఎవరైనా చేయొచ్చు" అని రాసి చక్కా పోతాడు.

వంటింట్లో కుళాయి కారుతుంటే దానికో చీటీ. కుర్చీ కిర్రుమంటే దానికో చీటీ.

"ఏమండీ, స్క్రూడ్రైవర్ మీ చేతిలోనే ఉందిగా!" అని మా అక్క అరుస్తుంది.

"ఉందిలే. ఆ సరదా వేరేవాళ్ళకి మిగలొద్దూ?" అంటాడు. ఆ వేరేవాళ్ళు ఎప్పుడూ మా అక్కే.

ఇలాంటి మనిషంటే లోకానికి ఎందుకంత మోజో నాకర్థం కాదు. బస్సు వేళలు చెప్పే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం ఒకటి నడుపుతున్నాడు. దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు, బాగుచేసి పంపొచ్చు. బావ చదివి, బాగుంటే కలుపుతాడు. కలిస్తే పంపినవాళ్ళ పేరు 'చేయి వేసినవాళ్ళు' అనే పేజీకెక్కుతుంది. ముక్కూ మొహం తెలియనివాళ్ళు కూడా ఆయనకి కృతజ్ఞతలు రాస్తుంటారు. నేనూ కోడ్ రాసి బతికేవాణ్ణే. నాకు మా మేనేజరు కూడా థాంక్స్ చెప్పడు. కడుపు మండదా మరి?

పైగా పక్క ఫ్లాటు పళ్ళ డాక్టరు పేరు ఆ పేజీలో ఉంది! ఆదివారం బస్సు వేళలో తప్పు దిద్దిందట. ఒక్క అంకె! లిఫ్టులో కనబడి, "మీ పేరు ఇంకా రాలేదాండీ?" అని పరామర్శించింది. ఆ రోజంతా నా పళ్ళు నేనే నూరుకున్నాను.

ఆ పంతంలో సెలవు పెట్టి, ఎవరికీ చెప్పకుండా, ప్రోగ్రాం మొత్తాన్ని నా పద్ధతిలో తిరగరాసి పంపాను. కాసేపటికి బావ నుంచి జవాబొచ్చింది: "పెద్ద మార్పు. ముందు అడగాలి."

పరుగున వెళ్ళి నిలదీశాను.

"బావా, నీదానికంటే నాదే వేగంగా నడుస్తోంది. చూశావా?"

"చూశాను. బాగుంది. కానీ ఇదంతా ఒక్కసారే పంపితే ఎక్కడేం మారిందో తేల్చేదెవరు? రేపు ఎవరికైనా బస్సు తప్పితే? చిన్నది ఒకటి తీసుకో, బావమరిదీ."

"పళ్ళ డాక్టరు తీసుకున్నదానిలాంటిదా?"

"అలాంటివన్నీ ఆవిడ ఊడ్చేసింది. వేరేది చూద్దాం."

అంతలో ఒక ఫిర్యాదు వచ్చింది. స్టాపు పేరు పొడుగ్గా ఉంటే చివర తెగిపోతోందట. బావ నా కళ్ళముందే దిద్దేశాడు. నడిపి చూశాడు. సరిపోయింది. వెంటనే రాసిందంతా చెరిపేసి, ఆ ఫిర్యాదు పక్కన "ఇది సులువు. ఎవరైనా చేయొచ్చు" అని పెట్టాడు. దాని కింద ఏ ఫైలు తెరవాలో, ఎలా సరిచూసుకోవాలో ఓపిగ్గా అరపేజీ రాశాడు.

"నీకేమైనా పిచ్చా? అయిపోయిన పనిని చెరుపుతావా?"

"నాకైతే అయిపోయింది. నేను కొత్తల్లో వేరేవాళ్ళ ప్రోగ్రాంకి ఒక దిద్దుబాటు పంపితే పలికిన నాథుడు లేడు. తప్పులన్నీ నేనే దిద్దేసుకుంటే గుమ్మం బయట నిలబడ్డవాళ్ళు లోపలికెలా వస్తారు?" అంటూ కుర్చీ నావైపు జరిపాడు. అది కిర్రుమంది.

మంచితనాన్ని చూసి కూడా కుళ్ళుకోవచ్చని నాకు అప్పుడే తెలిసింది. నాకెందుకు తట్టలేదు ఇది?

ఆ పని నేనే తీసుకున్నాను. ఈసారి "నేను చేస్తున్నాను" అని ముందే రాసి మరీ మొదలుపెట్టాను. బావ ఊరికే వదల్లేదు. అవసరం లేని లైన్లు ముట్టుకున్నావని ఒకసారి, సరిగ్గా సరిచూడలేదని ఇంకోసారి వెనక్కి పంపాడు. చివరికి కలిపాడు. నా పేరు పేజీకెక్కింది, సరిగ్గా పళ్ళ డాక్టరు కింద.

గొప్పగా అక్కకి చూపించాను. ఆమె పైనుంచి కిందిదాకా చదివి, "మీ బావ పేరేదిరా?" అంది.

వెతికాను. లేదు. ఇన్నేళ్ళుగా దాన్ని భుజాన మోస్తున్న మనిషి పేరు ఆ పేజీలో ఎక్కడా లేదు. ఇంతకంటే సులువైన తప్పు ఇంకేముంటుంది? అందరికంటే పైన బావ పేరు చేర్చి, ఆ ఒక్క లైనూ పంపాను.

అర నిమిషంలో జవాబొచ్చింది.

"పెద్ద మార్పు. ముందు అడగాలి."