సున్నా వస్తే అనుమానపడమన్న మా సార్

మా సార్ పోయారు. పొద్దున నేను కాలేజీకి బయలుదేరుతుంటే వాళ్లమ్మాయి మైదుకూరు నుంచి ఫోన్ చేసి, "అక్కా, నాయన లేడు" అంది. ఈరోజు కడపలో నేను పిల్లలకు బయోకెమిస్ట్రీ చెబుతున్నానంటే అది ఆయన పెట్టిన భిక్ష. ఆ మాట వింటే ఆయన ఒప్పుకోరు. "భిక్ష ఏందిమ్మా, చదివింది నువ్వు గదా" అని కసురుకుంటారు.

కర్నూలులో పీజీ చదివేటప్పుడు ఆయన మా ప్రాజెక్టు గైడు. ల్యాబులో నాలుగు కంప్యూటర్లుంటే రెండు పనిచేసేవి. సార్ వచ్చి ముందు కళ్లద్దాలు తుడుచుకుని, అదే గుడ్డతో తెర మీది దుమ్ము తుడిచేవారు. మౌసు మాత్రం ముట్టేవారు కాదు. "నువ్వే తిప్పు. నేను తిప్పితే నాకు కనపడిందే నీకూ కనపడతాది" అనేవారు.

నా ప్రాజెక్టు రెండు ప్రోటీన్లను పోల్చడం. రక్తంలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్‌లోని ఒక గొలుసు ఒకటి, కండరంలో దాన్ని దాచే మయోగ్లోబిన్ రెండోది. రెండూ దగ్గరి చుట్టాలు. సాఫ్ట్‌వేర్‌లో ఒకదాని మీద ఒకటి పేర్చితే ఎంత కలిశాయో, ఎక్కడ తేడా పడ్డాయో తెలుస్తుంది. నేను పేర్చాను. తేడా సున్నా వచ్చింది! ఎగిరి గంతేసి, రిపోర్టు రాసి, బైండింగ్ చేయించి, ఒక కాపీ బయటి ఎగ్జామినర్‌కు పంపించేశాను కూడా.

వైవాకు ముందురోజు మధ్యాహ్నం రెండూ పేర్చిన ఆ బొమ్మను సార్‌కు తెర మీద గర్వంగా చూపించాను.

"శానా బాగా కలిసినాయి సార్. సున్నా!"

ఆయన తెర దగ్గరికి వంగి చూశారు. "పత్తికొండ పిల్లవు, టమాటాలు చూడలేదా నువ్వు? ఒకే చెట్టు కాయలు రెండు ఇంత సమంగా ఉంటాయా? సున్నా వస్తే సంబరం కాదమ్మా, అనుమానం రావల్ల. ఫైళ్లు తెరువు."

తెరిచాను. రెండుచోట్లా ఒకే ప్రోటీన్ ఫైలు కోడ్ కొట్టాను. హిమోగ్లోబిన్ గొలుసును దాంతోనే పోల్చుకుని మురిసిపోయాను. అద్దంలో చూసుకుని అక్క కనపడిందన్నట్టు!

నాకు ఏడుపొచ్చింది. మాది మెట్ట సేద్యం, వాన పడితేనే పంట. ఫెయిలైతే ఇంకో ఏడాది చదివించే ఓపిక నాన్నకు లేదని నాకు తెలుసు. "ఎవరికీ చెప్పకుండా ఆ పేజీ మారుద్దాం సార్" అన్నాను. ఈ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

"వద్దు. రేపు వాళ్లు అడగకముందే నువ్వే చెప్పు. ఇప్పుడు సరైన ఫైలు తెచ్చి మళ్లా పేర్చు."

పేర్చాను. గొలుసులు చాలావరకు కలిశాయి. ఒకచోట మాత్రం మయోగ్లోబిన్‌లో ఉన్న చిన్న మెలిక హిమోగ్లోబిన్ గొలుసులో లేదు. సార్ ముఖం వెలిగిపోయింది. "ఈడుండాది చూడు నీ ప్రాజెక్టు! కలిసింది ఎవరికైనా కనపడతాది. కలవని చోటే నీకు పని."

మర్నాడు వైవా. బల్లకు అవతల ఎగ్జామినర్, ఆయన పక్కన మా సార్. ఇవతల ఒంటరిగా నేను. వాళ్లు అడగకముందే చెప్పాను, రిపోర్టులోని ఫలితం తప్పని, ఒకే ఫైలును రెండుసార్లు తెరిచానని. ఎగ్జామినర్ రిపోర్టు మూసేశారు. "మరి దీనికి మార్కులెట్లా వేయమంటావమ్మా?" అన్నారు.

అప్పుడు మా సార్ లేచారు. "కింద సంతకం నాది సార్. నేనూ ఆ పేజీ చూడకుండానే పెట్టినా" అన్నారు. తన కుర్చీని రెండు చేతులా ఎత్తుకుని, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, నా పక్కన వేసుకుని కూర్చున్నారు. విద్యార్థి మాదిరి చేతులు ఒళ్లో పెట్టుకుని ఎగ్జామినర్ వైపు చూశారు.

"ఇప్పుడు అడగండి సార్. ఇద్దరినీ అడగండి."