అక్క కోసం చదివిన ఎపిసోడ్

పోలండులో బోగుమిల్ గొంతు తెలియని ఇల్లు లేదు. ముఖం మాత్రం పక్కవాటా వాళ్ళక్కూడా సరిగ్గా గుర్తుండదు. పరాయిభాషా సీరియళ్ళలో హీరో, విలన్, ముసలమ్మ, పసిపిల్ల, అందరి మాటలూ పోలిష్‌లో చదివేది ఆయనొక్కడే. వెనకాల నటుల అసలు గొంతులు సన్నగా వినబడుతూనే ఉంటాయి. చదివేవాడు నటించకూడదు. హత్య జరిగినా పెళ్ళి జరిగినా ఒకటే తీరు. ముప్పై ఏళ్ళుగా ఆయన ఆ నియమం తప్పలేదు.

జనం టీవీలు వదిలేసి ఆన్‌లైన్ సీరియళ్ళకి మళ్ళినా ఆయన పని పోలేదు. ఈ వసంతంలో పోయింది. ఇకమీదట యంత్రమే చదువుతుందని కంపెనీవాళ్ళు రెండు వాక్యాల ఉత్తరం పంపారు. చివర్లో ధన్యవాదాలు కూడా చెప్పారు, మర్యాదకేం లోటు చెయ్యలేదు!

ఉద్యోగం సంగతి అలా ఉంచితే, ఆయన బెంగంతా అక్క తియోఫిలా గురించే. షుగరు వల్ల ఆమెకి చూపు పోయింది. ప్రతి ఆదివారం మధ్యాహ్నం తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, ట్యాబ్‌లో అతని గొంతుతోనే డేనిష్ సీరియల్ వింటుంది. "నువ్వు చదివితే నాకు కనబడుతుందిరా" అంటుంది. ఆ అక్కకి ఈ మాట ఎలా చెప్పడం?

కొత్త సీజన్ వచ్చిన ఆదివారం బోగుమిల్ ఒక ఎత్తు వేశాడు.

"అక్కా, నువ్వు వింటూ ఉండు. నేను వంటింట్లో గిన్నెలు కడుగుతా."

యంత్రం గొంతు ఆపేసి పోలిష్ సబ్‌టైటిల్స్ పెట్టాడు. చెప్పులు విడిచి, మేజోళ్ళతో పిల్లిలా తిరిగొచ్చి ట్యాబ్ పక్కనే కూర్చున్నాడు. తెరమీద అక్షరాలు పడుతుంటే, గొంతు ట్యాబ్‌లోంచే వస్తోందని అక్క అనుకునేలా ఎప్పటిలాగే చదవసాగాడు.

అంతా బాగానే సాగింది. ఎపిసోడ్ చివర్లో ఒక జాలరి తన అక్కని రేవులో వదిలి ఓడ ఎక్కుతూ, "ఇక నిన్నెవరు చూసుకుంటారు?" అంటాడు. ఆ వాక్యం దగ్గర బోగుమిల్ గొంతు వణికింది, ఆగిపోయింది.

తియోఫిలా గసగసాల కేకు పళ్ళేన్ని తడుముకుంటూ అతని వైపు జరిపింది.

"ముప్పై ఏళ్ళలో మొదటి తప్పు! కంపెనీవాళ్ళు వింటే ఉద్యోగం పీకేస్తారు జాగ్రత్త."

"పీకేశారక్కా."

"గిన్నెల చప్పుడు లేనప్పుడే అనుకున్నాలే, మొద్దూ!"

ఆమె తమ్ముడి మోకాలి మీద చెయ్యి వేసింది.

"ఇక తిట్టేవాళ్ళెవరూ లేరుగా. ఏడుపొస్తే ఏడుస్తూనే చదువు. ఇన్నేళ్ళూ ఇద్దరి ఏడుపూ నేనొక్కదాన్నే ఏడ్చాను."